చేపల తొట్టిలో సున్నపురాయి

ఇంటికి అక్వేరియం రాగానే పిల్లల చూపంతా చేపల మీదే. మన చూపు మాత్రం అడుగున పరిచే రాళ్ళ మీద పడుతుంది, ఏ రాయి పెడితే బావుంటుందా అని. అలంకారానికి పెట్టిన రాయి నీళ్ళలో కరుగుతుందంటే నమ్ముతారా? కొన్ని నిజంగానే కరుగుతాయండీ.

ఇళ్ళలో చేపల తొట్ల కథ ఇంగ్లండులో ఊపందుకుంది. అక్కడ 1845లో గాజు మీద పన్ను ఎత్తేశారు, గాజు చవకైంది. మరుసటి ఏడాది అన్నా థిన్ అనే ఆవిడ టార్కీ తీరంలో దొరికిన పగడపు జీవుల్ని లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. దారి కుదుపులకు అవి దెబ్బతినకుండా సూదీ దారంతో స్పాంజికి కుట్టేసిందట! చేతిపని తెలిసిన ఆడవాళ్ళకే తట్టే ఉపాయం ఇది. లండన్‌లో సముద్రపు నీళ్ళు ఎక్కడివి? ఉన్న నీళ్ళనే కాపాడుకోవాలి. అందుకని పనమ్మాయి కిటికీ ముందు నిలబడి, అరగంటకు పైగా ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి తిరగబోసేది, మనం పాలు చల్లార్చినట్టు. నీళ్ళలోకి గాలి చేరేది అలా. ఆ పిల్ల చేతుల్ని కూడా చరిత్రలో లెక్కవేయాలి కదూ.

తర్వాత 1849లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజు తొట్టిలో రెండు గోల్డ్ ఫిష్‌లని, వాలిస్నేరియా అనే నీటి మొక్కని పెట్టాడు. కుళ్ళిన ఆకులతో నీళ్ళు పాడవుతుంటే, వాటిని తినడానికి నత్తల్ని వదిలాడు. నీళ్ళు మార్చకుండానే తొట్టి నిలబడింది. 1850లో ఆ సంగతి ప్రకటించాడు, పేరు వచ్చింది. పేరంతా మొక్కకీ నత్తకీ పోయింది కానీ, ఆ తొట్టి మధ్యలో సున్నపురాయి ముక్కలు కూడా ఉన్నాయి. ఎండ తగిలితే చేపలు వాటి కింద దాక్కోవాలని పెట్టాడు, అంతే. నాకైతే ఆ రాళ్ళు నీడ ఒక్కటే ఇచ్చి ఊరుకుని ఉంటాయనిపించదు.

ఎందుకంటే, చేపలు వదిలే బొగ్గుపులుసు వాయువు నీళ్ళలో కలిస్తే నీళ్ళు కొద్దిగా పుల్లనవుతాయి. చేపల మలినాలు మురిగే కొద్దీ ఆ పులుపు పెరుగుతుంది. పుల్లటి నీళ్ళు సున్నపురాయిని మెల్లగా తింటాయి. రాయి కరిగిన కొద్దీ పులుపు విరుగుతుంది, నీళ్ళలో కాల్షియం చేరుతుంది. నత్త గుల్లకి కావలసిందీ అదే. నీళ్ళ కఠినత్వం పెరగడమంటే ఇదే. పప్పు ఓ పట్టాన ఉడకనివ్వని, గీజర్లో తెల్లగా పేరుకునే నీళ్ళు మనకి తెలిసినవేగా!

గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీలకి ఇలాంటి నీళ్ళు బాగానే సరిపడతాయి. అమెజాన్ వైపు నుంచి వచ్చిన నియాన్ టెట్రాలకి పడవు. పాపం, అవి నోరు తెరిచి చెప్పలేవు. మందగిస్తాయి, రంగు వెలిసిపోతుంది, ఓ పొద్దున తేలతాయి. పిల్లలు మనల్నే అడుగుతారు ఎందుకు చచ్చిపోయిందని.

మన వైపు ఇంటి బయట దొరికే రాళ్ళలో కడప నాపరాయి, తాండూరు బండ సున్నపురాళ్ళే. గవ్వలూ శంఖాలూ కూడా అదే జాతి. రుబ్బురోలు చేసే నల్లరాయి, తెల్లటి పలుగురాయి మాత్రం నీళ్ళ జోలికి పోవు. అనుమానంగా ఉంటే రాయిని కడిగి ఆరబెట్టి, నాలుగు చుక్కలు వెనిగర్ వేసి చూడండి. బుసబుసమని నురగ వస్తే సున్నపురాయే. నురగ సన్నగా ఉంటుంది, చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు కూడా వినిపిస్తుంది. చూసాక మళ్ళీ బాగా కడగాలి.

ఇంకో సంగతి. బోరు నీళ్ళలో సున్నం ముందే ఉంటుంది కనుక రాయి అంతగా కరగదు. ఆర్వో నీళ్ళు, వాన నీళ్ళు పోసే ఇళ్ళలోనే దాని ప్రభావం ఎక్కువ.