కాలి కింద భద్రత.. పనిచోటుకు ఏ మ్యాట్ మేలు?

భీమవరం: రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, రైస్‌మిల్లు, ఐస్ ఫ్యాక్టరీ, లేతు వర్క్‌షాపు.. పని ఏదైనా కార్మికుడి పాదం ఉండేది నేలపైనే. యంత్రం కొనేటప్పుడు వంద ఆరాలు తీసే యాజమాన్యాలు నేలపై పరిచే మ్యాట్ వద్దకు వచ్చేసరికి ధర, మందం చూసి సరిపెట్టుకుంటున్నాయి. చూపునకు అన్నీ నల్లటి రబ్బరు పట్టాలే అయినా వాటి గుణాలు వేరు. విద్యుత్తును అడ్డుకునేది ఒకటైతే, దానిని నెమ్మదిగా భూమిలోకి పంపేది మరొకటి. నీటిని కిందికి వదిలేది ఒకటైతే, తడి తగిలితే పనికిరానిది ఇంకొకటి. ఒకచోట ప్రాణం నిలిపే మ్యాట్ మరోచోట ప్రమాదం తెచ్చిపెడుతుంది. అందువల్ల ఆ నేలపై ఏం పడుతుంది, అక్కడ మనిషి ఏ పని చేస్తాడు అనే రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకున్నాకే రకాన్ని ఎంచుకోవాలి.

చట్టం ఏమంటోంది?

నేల విషయాన్ని 1948 నాటి కర్మాగారాల చట్టమే ప్రస్తావించింది. పని వల్ల నేల తడిసే చోట నీరు బయటకు పోయే ఏర్పాటు ఉండాలని 11వ సెక్షన్, కాలు జారే పదార్థాలు నేలపై, మెట్లపై, నడవాల్లో ఉండరాదని 32వ సెక్షన్, నిలబడి పనిచేసేవారికి వీలున్నప్పుడు కూర్చునే సదుపాయం కల్పించాలని 44వ సెక్షన్ నిర్దేశించాయి. ఆ చట్టం స్థానంలో వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020 వచ్చింది. ఇది 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. గాయాలకు, వృత్తి రోగాలకు దారితీసే ప్రమాదాలు లేకుండా పనిచోటును ఉంచడం యజమాని బాధ్యతేనని ఈ కోడ్ స్పష్టం చేస్తోంది. కాలువ లేని నేలపై మ్యాట్ పరిచి బాధ్యత తీరిందనుకోవడానికి వీల్లేదు.

ప్యానెల్ బోర్డు ముందు పాత బెల్టు వద్దు

పొరపాటుకు ప్రాణం మూల్యంగా చెల్లించాల్సి వచ్చే చోటు ఇదే. ప్యానెల్ బోర్డు, స్టార్టరు, ట్రాన్స్‌ఫార్మర్ గదుల్లో పాత కన్వేయరు బెల్టు ముక్కనో, బజారులో దొరికే నల్ల రబ్బరు షీటునో వేసి ఊరుకోవడం ప్రమాదకరం. రబ్బరు అనగానే విద్యుత్తును ఆపుతుందన్న నమ్మకం అన్నివేళలా నిజం కాదు. నలుపు కోసం, గట్టిదనం కోసం రబ్బరులో కార్బన్ బ్లాక్ కలుపుతారు. అది మోతాదు మించితే ఆ రబ్బరే విద్యుత్ వాహకమవుతుంది. కొన్ని బెల్టుల్లో ఉక్కు తీగలు, మరికొన్నింటిలో తేమ పీల్చే బట్ట పొరలు ఉంటాయి.

విద్యుత్ పనులకు వాడే మ్యాట్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 15652. దీనిని 2006లో తెచ్చారు. 1969 నాటి ఐఎస్ 5424 ప్రమాణం స్థానంలో ఇది వచ్చింది. ఈ ప్రమాణం ప్రకారం ‘ఎ’ తరగతి మ్యాట్ 2 మి.మీ. మందంతో 3.3 కిలోవోల్టుల వరకు, ‘బి’ తరగతి 2.5 మి.మీ. మందంతో 11 కిలోవోల్టుల వరకు, ‘సి’ తరగతి 3 మి.మీ. మందంతో 33 కిలోవోల్టుల వరకు పనికొస్తాయి. మిల్లుల్లోని 415 వోల్టుల త్రీఫేజ్ ప్యానెళ్లకు ‘ఎ’ తరగతి చాలు. 11 కేవీ హెచ్‌టీ ప్యానెల్ ఉన్నచోట ‘బి’ తరగతి తప్పనిసరిగా చూసుకోవాలి.

ఇక్కడే కొనుగోలుదారులు పొరబడుతుంటారు. 2 మి.మీ. మ్యాట్‌ను చేత్తో పట్టుకుని ‘ఇంత పల్చనిదా’ అని పెదవి విరిచి, 12 మి.మీ. మామూలు షీటును ఇంటికి తెచ్చుకుంటారు. రక్షణ మందంలో లేదు, పదార్థంలో ఉంది. మ్యాట్‌పై ప్రమాణం సంఖ్య, తరగతి, తయారీదారు పేరు, తయారైన నెల, సంవత్సరం ఉన్నాయో లేదో చూడాలి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చిన పరీక్ష నివేదిక అడగాలి. చిల్లు పడినా, కోతపడినా, నూనె పీల్చి ఉబ్బినా మార్చివేయాలి. తడి పేరుకున్న మ్యాట్ మీద నిలబడి మీట ముట్టుకోకూడదు. ఎంత మంచి మ్యాట్ ఉన్నా సరఫరా నిలిపివేయడానికి, చేతి తొడుగులకు అది ప్రత్యామ్నాయం కాదు.

తడి నేలకు రంధ్రాల మ్యాట్

రొయ్యలు ఒలిచే షెడ్డుల్లో, ఐస్ ఫ్యాక్టరీల్లో, చేపలు ప్యాక్ చేసే చోట్ల నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఇలాంటి చోట సాదా షీటు పరిస్తే దాని కింద నీరు నిలిచి, షీటే జారుడుబల్లగా మారుతుంది. రంధ్రాలుండి, అడుగున చిన్న కాళ్లతో నేలకు కాస్త ఎత్తుగా నిలిచే రబ్బరు మ్యాట్, లేదా పీవీసీ జాలీ పలకలు మేలు. నీరు రంధ్రాల గుండా దిగి కాలువలోకి పోతుంది, పాదం పైన పొడిగా ఉంటుంది.

అయితే ఆహార పదార్థాలు తయారయ్యే చోట ఈ రంధ్రాలే మరో చిక్కు తెస్తాయి. పొట్టు, తలల ముక్కలు వాటిలో ఇరుక్కుని కుళ్లితే సూక్ష్మజీవులకు నెలవవుతుంది. పని ముగియగానే మ్యాట్లను ఎత్తి, తిరగేసి, కడిగి, ఆరబెట్టాలి. ఒక్క మనిషి ఎత్తలేనంత బరువైన పెద్ద మ్యాట్ కొంటే ఆ పని జరగదు. అందువల్ల చిన్న ముక్కలుగా, ఒకదానికొకటి తగిలించుకునే రకం తీసుకోవడం మంచిది. పచ్చి సరుకు విభాగంలోని మ్యాట్‌ను ఉడికించిన సరుకు విభాగంలోకి తీసుకెళ్లకూడదు. ఇందుకు రంగులు వేరుగా పెట్టుకుంటే గుర్తించడం సులువు. క్లోరిన్ నీరు రోజూ తగిలితే సహజ రబ్బరు త్వరగా పగుళ్లిస్తుంది. రసాయనాలను తట్టుకుంటుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

నూనె, నిప్పురవ్వలు పడే చోట

విజయవాడ ఆటోనగర్ మొదలుకొని మండల కేంద్రాల్లోని లేతు షాపుల వరకు నేలపై పడేది నూనె, గ్రీజు, ఇనుప రజను. సహజ రబ్బరుకు ఖనిజ నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. నూనె వాడకం ఉన్నచోట నైట్రైల్ రబ్బరు మ్యాట్ నిలుస్తుంది. వెల్డింగ్ చేసే చోట పీవీసీ, ఫోమ్ రకాలు అసలే పనికిరావు. రవ్వ పడితే కరిగిపోతాయి, అంటుకుంటే విషపు పొగ వస్తుంది. అక్కడ నిప్పురవ్వలను తట్టుకునేలా తయారైన రబ్బరు రకాన్నే అడిగి తీసుకోవాలి.

గంటల తరబడి నిలబడేవారికి

కదలకుండా గంటల కొద్దీ గట్టి నేలపై నిలబడితే కాళ్లలో రక్తం పేరుకుని వాపులు, నడుము నొప్పి, సిరలు ఉబ్బడం వంటి బాధలు కలుగుతాయి. రొయ్యల బల్లల ముందు నిలబడే మహిళలకు, ప్యాకింగ్ సిబ్బందికి ఈ బాధ తెలిసిందే. వీరికోసం అలసట తగ్గించే మ్యాట్లు వస్తున్నాయి. ఇవి సాధారణంగా 10 నుంచి 20 మి.మీ. మందం ఉంటాయి. కాస్త మెత్తగా ఉండటంతో కాలి కండరాలు తెలియకుండానే కదులుతూ ఉంటాయి.

మెత్తదనం అతిగా ఉంటే మాత్రం మేలుకు బదులు కీడే. పరుపు మీద నిలబడినట్లు పాదం కూరుకుపోయి అలసట మరింత పెరుగుతుంది. బొటనవేలితో నొక్కినప్పుడు అడుగు తగలకూడదు, వేలు తీయగానే తిరిగి పైకి రావాలి. స్పిన్నింగ్ మిల్లుల్లో మాదిరిగా యంత్రాల మధ్య తిరుగుతూ పనిచేసేవారికి మ్యాట్ కంటే మంచి మడమ ఉన్న బూట్లు ఇప్పించడమే ప్రయోజనకరం. ట్రాలీలు నడిచే దారిలో ఈ మ్యాట్లు వేయరాదు. ఏ మ్యాట్ అయినా విశ్రాంతికి, కూర్చునే స్టూలుకు బదులు కాజాలదు.

ఎలక్ట్రానిక్స్ యూనిట్లది వేరే దారి

శ్రీసిటీ వంటి చోట్ల ఫోన్లు, సర్క్యూట్ బోర్డులు బిగించే యూనిట్లలో ఒంటిపై పుట్టే స్థిర విద్యుత్తు వల్ల విడిభాగాలు పాడవుతాయి. అక్కడ వాడేది ఈఎస్‌డీ మ్యాట్. దాని నిరోధం వంద కోట్ల ఓమ్‌ల లోపు ఉండి, ఎర్త్‌కు కలిపి ఉంటుంది. విద్యుత్తును ఆపడం దీని పని కాదు, మెల్లగా దించేయడం దీని పని. కనుక దీనిని తెచ్చి ప్యానెల్ బోర్డు ముందు వేస్తే ప్రమాదాన్ని కొనితెచ్చుకున్నట్లే. గోదాములో రెండు రకాలూ ఉంటే పేర్లు రాసి వేర్వేరుగా ఉంచాలి.

గుమ్మం వద్ద దుమ్ము దులిపేందుకు కోనసీమ కొబ్బరి పీచు పట్టా భేషుగ్గా పనిచేస్తుంది. అయితే నీటిని పీల్చుకుని బూజు పడుతుంది కాబట్టి తడి విభాగాల్లోకి దానిని తీసుకెళ్లరాదు.

కొనేముందు ఇవి చూడండి

* నేలపై పడేది నీరా, నూనెనా, రసాయనమా, నిప్పురవ్వా అన్నది కాగితంపై రాసుకుని దుకాణానికి వెళ్లాలి.

* అంచులు వాలుగా ఉన్న మ్యాట్ తీసుకోవాలి. నిలువు అంచుకు కాలు తగిలి పడిపోయే ప్రమాదం ఉంది.

* ముందుగా ఒక ముక్క తెచ్చి, పని జరిగే చోట పది రోజులు వేసి చూడాలి. ఉబ్బిందా, జారిందా, వాసన వచ్చిందా గమనించాలి.

* రోజూ దానిపై నిలబడే కార్మికుల అభిప్రాయం అడగాలి. బాగోగులు చెప్పగలిగేది వారే.

* కడిగేదెవరు, ఎప్పుడు, ఎక్కడ ఆరబెడతారు అన్నది కొనకముందే తేల్చుకోవాలి.

* మూలలు లేచినా, చిరిగినా అతుకులు వేయకుండా మార్చాలి. కొన్న తేదీని రిజిస్టరులో రాసి ఉంచాలి.