జాతీయభావము – పొరుగువాని భాష
(19వ శతాబ్దపు హంగేరీ చరిత్రనుండి ఒక పాఠము)

పందొమ్మిదవ శతాబ్దమును ఐరోపా చరిత్రలో జాతీయతా యుగమని చెప్పుదురు. రాజ్యము రాజుది కాదు, ప్రజలదని 1789 నాటి ఫ్రెంచి విప్లవము చాటెను. నెపోలియను పతనానంతరము 1815లో వియన్నాలో కూడిన రాజులు, మంత్రులు సరిహద్దులను తమకు తోచినట్లు గీసిరి గాని ఆ భావమును చెరిపివేయలేకపోయిరి. ముక్కలుగా నుండిన ఇటలీ 1861లో ఒక రాజ్యమై, 1870లో రోమును చేర్చుకొనెను. 1871లో జర్మనీ ఏకమయ్యెను. మాజినీ, గరిబాల్డీ, బిస్మార్కుల పేర్లు బడిలో చరిత్ర చదివినవారికందరికిని తెలిసినవే. అయితే జాతీయభావములోని మేలును, అందులో దాగియున్న అపాయమును ఒక్కచోటనే చూడగోరువారు హంగేరీ చరిత్రను చదువవలెను.

మేల్కొన్న భాషలు

ఆ కాలమున హంగేరీ, వియన్నానుండి పాలించు హాబ్స్‌బర్గు చక్రవర్తుల ఏలుబడిలో నుండెను. హంగేరియన్ భాష మాట్లాడు మగ్యారులు దేశములో ప్రధానజాతి. అయినను జనసంఖ్యలో వారు సగముకంటె తక్కువే. ఉత్తరమున స్లోవాకులు, తూర్పున ట్రాన్సిల్వేనియాలో రుమేనియనులు, దక్షిణమున సెర్బులు, క్రొయేటులు, అనేక పట్టణములలో జర్మనులు నివసించిరి. శాసనములకును, సభలకును లాటినే భాష. అది ఎవరి తల్లిభాషయు కాదు గనుక దానిపై ఎవరికిని అసూయ లేకుండెను.

1784లో రెండవ జోసెఫ్ చక్రవర్తి లాటిను స్థానమున జర్మను భాషను ప్రవేశపెట్టెను. మగ్యారులు దానిని గట్టిగా ప్రతిఘటించిరి. 1790లో, తన మరణమునకు కొద్ది వారములు ముందుగా, ఆయన ఆ ఉత్తర్వును రద్దు చేసెను. కాని అప్పటికే మగ్యారులలో తమ భాషాభిమానము మేల్కొనెను. 1825లో ఇష్త్వాన్ సెచేన్యి అను ప్రభువు హంగేరియన్ విద్వత్పరిషత్తు స్థాపనకై తన ఆస్తులపై వచ్చు ఒక సంవత్సరపు ఆదాయమంతయు ఇచ్చెదనని సభలో ప్రకటించెను. 1844లో హంగేరియన్ రాజభాష అయ్యెను. అన్యభాష రుద్దబడిన జనము తన భాషను నిలబెట్టుకొన్న ఈ కథ మెచ్చదగినదే.

అదే సంవత్సరములలో స్లోవాకులును మేల్కొనిరి. వారిలో లూథరన్ సంఘస్థులు పాత చెక్ బైబిలు భాషను వ్రాతలో వాడుచుండిరి. కతోలికులలో పలువురు ఆంటన్ బెర్నొలాక్ అను గురువు 1787లో ఏర్పరచిన భాషను వాడుచుండిరి. 1843 జూలైలో హ్లబోకే గ్రామములోని పాదిరి యింట ముగ్గురు లూథరన్ యువకులు కూడిరి. ఒకరు ఉపాధ్యాయుడు ల్యుదోవిత్ ష్టూర్. తక్కిన ఇద్దరు హుర్బన్, హోజ అను పాదిరులు. మధ్యప్రాంతపు పల్లెజనులు మాట్లాడు భాషయే ఇకమీదట స్లోవాకుల వ్రాతభాష కావలెనని వారు నిశ్చయించిరి. 1845లో ష్టూర్ ఆ భాషలో వార్తాపత్రిక నడుపసాగెను. 1846లో వ్యాకరణము ప్రకటించెను. 1851లో కతోలిక, లూథరన్ పండితులు కూడి ఒకే వ్రాతరూపమును అంగీకరించిరి. మతభేదమును దాటి భాష వారిని కలిపెను.

1848 – ఒకచేత స్వేచ్ఛ, ఒకచేత సంకెల

1848 మార్చి 15న పెస్ట్ నగరములో విప్లవము లేచెను. ఏప్రిల్ శాసనములవలన వెట్టిచాకిరి రద్దయ్యెను. పత్రికలకు స్వేచ్ఛ వచ్చెను. బాత్యాని ప్రధానమంత్రిగా, లాయోష్ కోషుత్ ఆర్థికమంత్రిగా బాధ్యతగల ప్రభుత్వమేర్పడెను. పేద రైతు ఏ జాతివాడైనను ఆ మేలు పొందెను. అందుచేత మొదట స్లోవాకులు, సెర్బులు, రుమేనియనులు కూడ ఆనందించిరి.

కాని తమ బడులలోను, న్యాయస్థానములలోను తమ భాష నుండవలెనని, తమను వేరు జాతిగా గుర్తించవలెనని వారు అడిగినప్పుడు జవాబు మారెను. హంగేరీలో రాజకీయముగా ఒక్కటే జాతి కలదని, అది హంగేరియన్ జాతియేనని కోషుత్ పక్షమువారు వాదించిరి. మే నెలలో స్లోవాకులు హోజ పాదిరి సేవచేయుచున్న లిప్టోవ్‌స్కీ మికులాష్‌లో తమ కోర్కెలను ప్రకటించిరి. వెంటనే ఆ ముగ్గురు నాయకులను బంధించుటకు ఉత్తర్వులు వెలువడెను. అదే నెలలో ట్రాన్సిల్వేనియాలోని బ్లాజ్‌లో రుమేనియనులు వేలాదిగా కూడి తమ హక్కులను కోరిరి. వారికిని తృప్తికరమైన సమాధానము రాలేదు.

ఫలితమేమి? సెప్టెంబరులో క్రొయేషియా పాలకుడు యెలాచిచ్ సేనతో ద్రావా నదిని దాటి హంగేరీపై దండెత్తెను. సెర్బులు, రుమేనియనులు ఆయుధములు పట్టిరి. ష్టూర్, హుర్బన్, హోజలు వియన్నాలో స్లోవాక్ జాతీయసభను స్థాపించి స్వచ్ఛందసేనను కూర్చిరి. చక్రవర్తికి కావలసినదియు ఇదే. 1849లో రష్యా చక్రవర్తి మొదటి నికోలస్ కూడ తన సేనను పంపెను. జూలై 28న సెగెద్‌లో కూడిన హంగేరీ శాసనసభ ఇతర జాతుల భాషలకు హక్కులిచ్చు చట్టమును చేసెను. పదియారు దినములైన పిమ్మట, ఆగస్టు 13న, హంగేరీ సైన్యము విలాగోష్‌వద్ద లొంగిపోయెను. మంచి చట్టమే, కాని ఆలస్యమయ్యెను.

అక్టోబరు 6న ఆరాద్‌లో పదుముగ్గురు సేనానులు మరణశిక్ష పొందిరి. హంగేరీకొరకు ప్రాణమిచ్చిన ఆ పదుముగ్గురిలో సెర్బు, జర్మను, ఆర్మీనియా వంశస్థులును ఉండిరి. ఇక చక్రవర్తి పక్షమున పోరాడిన జాతులకైనను స్వపరిపాలన దొరకలేదు. గెలిచినవారికిని ఓడినవారికిని ఒకే నిరంకుశపాలన లభించెను.

మరచిన పాఠము

1863లో స్లోవాకులు మాతిత్సా అను సాహిత్యసంస్థను స్థాపించిరి. దాని అధ్యక్షుడు కతోలిక బిషప్ మోయ్‌జెస్, ఉపాధ్యక్షుడు లూథరన్ నాయకుడు కుజ్మానీ. 1867లో వియన్నాతో ఒడంబడిక కుదిరి హంగేరీకి స్వపరిపాలన వచ్చెను. 1868లో ఉదారమైన భాషాచట్టమొకటి వెలువడెను గాని అది కాగితముమీదనే మిగిలెను. 1874, 1875 సంవత్సరములలో స్లోవాకుల మూడు ఉన్నతపాఠశాలలను, మాతిత్సాను ప్రభుత్వము మూసివేసెను. 1907లో అపోన్యి మంత్రి చేసిన చట్టము హంగేరియనేతర పిల్లలు నాలుగవ సంవత్సరమునకే హంగేరియన్‌లో తమ భావములను చెప్పగలుగవలెనని విధించెను.

ఆ యేటనే అక్టోబరు 27న చెర్నోవా అను స్లోవాక్ పల్లెలో దుఃఖకరమైన సంఘటన జరిగెను. గ్రామస్థులు కట్టుకొన్న క్రొత్త దేవాలయమును తమ ఊరివాడైన గురువే ప్రతిష్ఠించవలెనని వారు కోరిరి. ఆయన అప్పుడు విధులనుండి తొలగింపబడి యుండెను. ప్రతిష్ఠకై ఇతర గురువులు రాగా జనులు అడ్డుపడిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. పదునైదుగురు మరణించిరి. ఈ వార్త ఐరోపా అంతట వ్యాపించి హంగేరీ పేరునకు మచ్చ తెచ్చెను.

మొదటి ప్రపంచయుద్ధానంతరము 1920 జూన్ 4న జరిగిన ట్రియనాన్ సంధివలన హంగేరీ తన భూభాగములో మూడింట రెండువంతులకు పైగా కోల్పోయెను. ఇంచుమించు 30 లక్షలమంది మగ్యారులు ఇతర రాజ్యములలో అల్పసంఖ్యాకులైరి. ఇప్పుడు తమ బడికొరకు, తమ భాషకొరకు వారే మనవి చేసుకొనవలసివచ్చెను.

ఈ సత్యమును ముందుగా గ్రహించినవారిలో కోషుత్ ఒకడు. ప్రవాసములో నుండగా 1862లో ఆయన ఒక పథకమును ప్రకటించెను. డాన్యూబు తీరమందలి జాతులన్నియు సమానహక్కులతో ఒక సమాఖ్యగా చేరవలెనని దాని సారాంశము. స్వదేశములో దానికి ఆదరణ దొరకలేదు. 1894లో ఆయన ఇటలీలోని ట్యూరిన్‌లో, స్వదేశమునకు దూరముగా, కన్నుమూసెను.

తల్లిభాషను ప్రేమించుట తప్పు కాదు. ఆ ప్రేమయే మగ్యారులను నిలబెట్టెను, స్లోవాకులను కలిపెను. కాని మన భాష మనకెంత ప్రియమో పొరుగువాని భాష వానికంత ప్రియమని మరచిన దినమున జాతీయభావము దారి తప్పును. ఒక జాతి గొప్పతనమును అది సంపాదించుకొన్న హక్కులనుబట్టియే గాక, తన గడపలోని చిన్నవారికి ఇచ్చిన హక్కులనుబట్టియు కొలువవలెను. హంగేరీ చరిత్ర మనకు నేర్పు పాఠమిదియే.