మైనంలో దాగిన వైరస్

1918 సెప్టెంబరులో అమెరికాలోని సౌత్ కరోలినా సైనిక శిబిరంలో ఓ యువ సిపాయి ఫ్లూతో చనిపోయాడు. వైద్యులు అతని ఊపిరితిత్తుల్లోంచి చిన్న ముక్క కోసి, ఫార్మలిన్‌లో ఊరబెట్టి, మైనంలో పొదిగి దాచారు. ఫ్లూకు మూలం రిచర్డ్ ఫైఫర్ 1892లో చూపిన బ్యాక్టీరియానే అని చాలామంది నమ్మిన కాలమది. అసలు కారణం వైరస్ అని 1933లో గానీ తేలలేదు. 1918 వైరస్ జన్యుక్రమం కథ యంత్రంతో కాదు, ఏమీ తెలియకుండానే దాచిన ఆ ముక్కతో మొదలైందంటాను.

దాన్ని వెలికితీసిన జెఫ్రీ టాబెన్‌బర్గర్, ఆన్ రీడ్ బృందం 1997లో ప్రకటించినవి కొన్ని జన్యువుల తునకలే. వైరస్ జన్యుపదార్థమైన ఆర్ఎన్ఏ అప్పటికే పొట్టి పొట్టి పోగులుగా తెగిపోయి ఉంది. ఒక్కో పోగుకూ పీసీఆర్‌తో లెక్కలేనన్ని నకళ్లు తీసి, చింపేసిన ఉత్తరం అంచులు కలిపినట్టు అతుకుతూ చదవాలి. వైరస్ జన్యుక్రమమంతా ఎనిమిది ఖండాల్లో దాదాపు 13,500 అక్షరాలు. ఉన్న సరుకు చాలదు. ఆ వార్త చదివిన యోహాన్ హల్టిన్ అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్‌కు మళ్లీ బయల్దేరాడు. 1951లో అక్కడి సమాధుల్లోంచి వైరస్‌ను బతికించబోయి విఫలమైనవాడాయన. 1918 నవంబరులో ఐదు రోజుల్లో 80 మంది పెద్దల్లో 72 మందిని పోగొట్టుకున్న పల్లె అది. ఊరి మండలి అనుమతితో తవ్వితే, మంచుగడ్డ నేలలో ఓ స్థూలకాయురాలి ఊపిరితిత్తులు దొరికాయి. ఒంటి కొవ్వే వాటిని కాపాడింది. 2005కు జన్యుక్రమం పూర్తయింది.

ఘనత సాంకేతికతదే కదా అనవచ్చు. మరి ఫైఫర్ బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని, 18 లక్షలకు పైగా అక్షరాలను, 1995లోనే పూర్తిగా చదివేశారు. దాన్ని ప్రయోగశాలలో కావలసినంత పెంచుకోవచ్చు మరి. అందులో నూరోవంతు కూడా లేని వైరస్‌కు మరో పదేళ్లు పట్టిందంటే, కరువు యంత్రానికి కాదు, సరుకుకే. 2020 జనవరిలో కొత్త కరోనా వైరస్ క్రమం రోజుల్లో బయటికొచ్చిందన్నా, దాని వెనకా వూహాన్ రోగి ఊపిరితిత్తుల నుంచి సేకరించిన ద్రవం ఉంది. 1918 వైరస్ లాంటి ప్రమాదకర వైరస్ గుట్టు లోకానికి చెప్పాలా అన్న ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. అమెరికా జీవభద్రతా మండలి పరిశీలించాకే ఆ జన్యుక్రమం అచ్చయింది. కానీ దాచిపెడితే, టీకా, మందు పరీక్షించేవాళ్ల చేతుల్లోకీ రాదు. ఆ శరీరాలు ఇచ్చినవారి రుణమూ తీరదు. హల్టిన్‌కు ఆ రుణం తెలుసు. గొయ్యి పూడ్చాక, ఊరి బడిలో రెండు కొయ్య శిలువలు చేసి ఆ సమాధి మీద నిలబెట్టాడు.