లెడ్ జెప్లిన్ తొలి ఆల్బమ్

లెడ్ జెప్లిన్ తొలి ఆల్బమ్ 1968 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో తయారైంది. రికార్డు కంపెనీతో ఒప్పందం ఇంకా కుదరలేదు. ఖర్చంతా గిటారిస్టు జిమ్మీ పేజ్, మేనేజర్ పీటర్ గ్రాంట్ పెట్టుకున్నారు. అంతకుముందే స్కాండినేవియా కచేరీల్లో పాటలు బాగా నలిగాయి కాబట్టి సుమారు 36 గంటల్లో పని ముగిసింది. వాయిద్యాల దగ్గర ఒక మైకు, దూరంగా మరొకటి పెట్టి పేజ్ గది ప్రతిధ్వనిని కూడా టేపుకెక్కించారు. ఆ రికార్డుకు ప్రాణం అదే.

డిసెంబరు 26న డెన్వర్‌లో అమెరికా పర్యటన మొదలైంది. అట్లాంటిక్ సంస్థ ఆల్బమ్‌ను 1969 జనవరి 12న అక్కడ విడుదల చేసింది. రోలింగ్ స్టోన్ పత్రిక పెదవి విరిచినా, కచేరీలకు వచ్చిన జనం దాన్ని నిలబెట్టారు.

2014 జూన్‌లో పేజ్ పర్యవేక్షణలో రీమాస్టర్ చేసిన ప్రతి వెలువడింది. 1969 అక్టోబరులో ప్యారిస్ ఒలింపియా హాల్లో జరిగిన కచేరీ రికార్డింగును దానికి జతచేశారు.