జీపు ఇంజను ఫ్లైవీలు బరువు తగ్గింపు

ఫ్లైవీలు బరువు తగ్గింపు అనగా ఇంజను క్రాంకుషాఫ్టు చివర బిగించి ఉండే గతిపాలక చక్రం నుండి కొంత లోహాన్ని లేతు మిషనుపై తొలగించడం, లేదా దాని స్థానంలో తేలికపాటి ఉక్కు చక్రాన్ని అమర్చడం. ఇంజను త్వరగా వేగం పుంజుకోవాలన్నది దీని ఉద్దేశం. పందెపు కార్లకు ఎంతో కాలంగా చేస్తున్న ఈ మార్పును బాట లేని నేలపై నడిపే జీపులకు కూడా చేయించేవారున్నారు. పందెపు కారుకు మేలు చేసేది జీపుకు చేటు కావచ్చును.

నేల స్వభావం

గుంటూరు జిల్లాలోని తెనాలి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాలు కృష్ణా పశ్చిమ డెల్టా ప్రాంతానికి చెందినవి. తెనాలి చుట్టుపక్కల కాలువ కట్టలు, వర్షం పడితే టైరుకు ముద్దలుగా అంటుకునే బంకమట్టి పొలాలు ఉంటాయి. బాపట్లకు దక్షిణాన సూర్యలంక వద్ద సముద్రతీరపు ఇసుక. రేపల్లె నుండి నిజాంపట్నం వైపు వెళ్ళేకొద్దీ చౌడు నేలలు, చేపల, రొయ్యల చెరువుల గట్లు కనిపిస్తాయి. ఇక్కడ కొండలు లేవు గనుక జీపుకు పరీక్ష లేదనుకోవడం పొరపాటు. తడి గట్టు ఎక్కడం, కాలువ కట్ట మీద ఇరుకుగా మలుపు తిరగడం, ఇసుకలో దిగబడకుండా సాగడం మూడు వేర్వేరు పనులు. మూడింటిలోనూ ఫ్లైవీలు పాత్ర ఒక్కటి కాదు.

పని చేసే విధానం

కుమ్మరి సారె బరువుగా ఎందుకుంటుందో తెలిసినవారికి ఫ్లైవీలు గురించి సగం తెలిసినట్లే. ఒకసారి తిప్పి వదిలిన సారె, కుమ్మరి చేయి మట్టిని నొక్కుతున్నా ఆగిపోకుండా తిరుగుతుంది. నాలుగు ఘాతాల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒక్కసారి మాత్రమే శక్తినిస్తుంది. మిగిలిన మూడు ఘాతాలలో అది శక్తిని తీసుకునేదే. నాలుగు సిలిండర్ల ఇంజనులో అర చుట్టుకొక శక్తి ఘాతం వస్తుంది. ఈ ఘాతాల మధ్య ఖాళీని పూడ్చేది ఫ్లైవీలులో నిలువ ఉన్న గతిజశక్తి. డీజిల్ ఇంజనులో సంపీడన నిష్పత్తి ఎక్కువ కనుక ఈ అవసరం కూడా ఎక్కువ. పొలాలలోని పాత ఒంటి సిలిండరు ఆయిలింజనులకు అంత పెద్ద చక్రాలు ఉండడానికి కారణం ఇదే.

చక్రంలోని శక్తి దాని జడత్వ భ్రామకంపైన, కోణీయ వేగపు వర్గంపైన ఆధారపడుతుంది. జడత్వ భ్రామకం కేవలం బరువుతో నిర్ణయం కాదు, ఆ బరువు ఇరుసుకు ఎంత దూరంలో ఉందన్నది ముఖ్యం. విద్యార్థుల కోసం ఒక లెక్క: 30 సెంటీమీటర్ల వ్యాసం, 14 కిలోల బరువు గల ఏకరీతి పళ్ళెం వంటి చక్రం తీసుకుందాం. దాని జడత్వ భ్రామకం సుమారు 0.157 కి.గ్రా.-మీ². బయటి అంచు నుండి 3 సెంటీమీటర్ల వెడల్పున 3 కిలోలు తీసివేస్తే బరువు 21 శాతమే తగ్గుతుంది, కానీ జడత్వ భ్రామకం 35 శాతం తగ్గుతుంది. అదే 3 కిలోలు మధ్యభాగం నుండి తీస్తే తేడా స్వల్పమే. కనుక "ఎన్ని కిలోలు తీశారు" అన్న ప్రశ్న కన్నా "ఎక్కడ తీశారు" అన్న ప్రశ్న ముఖ్యం.

లాభాలు

తేలికైన చక్రం వలన ఇంజను యాక్సిలరేటరుకు వెంటనే స్పందిస్తుంది. కాలు తీస్తే వేగం త్వరగా దిగుతుంది కనుక పై గేరుకు మారడం తేలిక. అయితే ఇంజను గరిష్ఠ శక్తి ఏమాత్రం పెరగదు. స్థిర వేగంతో సాగే వాహనంలో ఇంధనం ఆదా కూడా చెప్పుకోదగినంత ఉండదు.

లాభం గేరును బట్టి మారుతుంది. పై లెక్కలోని చక్రాన్ని 1,500 కిలోల జీపులో, 35 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల టైర్లతో ఊహించుకుందాం. ఇంజను, టైరు మధ్య మొత్తం గేరు నిష్పత్తి 18 అయినపుడు, అంటే రోడ్డుపై మొదటి గేరులో, చక్రం తేలిక కావడం వాహనం నుండి సుమారు 146 కిలోలు దించినదానితో సమానం. నిష్పత్తి 5 ఉండే పై గేరులో అది 11 కిలోలకు పడిపోతుంది. తెనాలి నుండి గుంటూరుకు రోడ్డున పోయేవారికి ఈ 11 కిలోలు తెలియనే తెలియవు.

నష్టాలు

అసలు చిక్కు ఫోర్ వీల్ డ్రైవులో లో రేంజి మొదటి గేరు వేసినపుడు కనిపిస్తుంది. మొత్తం నిష్పత్తి 40, ఇంజను వేగం నిమిషానికి 1,000 చుట్లు అనుకుంటే జీపు గంటకు సుమారు 3.3 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది. ఆ స్థితిలో వాహనం మొత్తపు గతిజశక్తి దాదాపు 630 జౌళ్ళు. అసలు బరువు ఉన్న ఫ్లైవీలులో నిలువ ఉన్నది సుమారు 860 జౌళ్ళు! మనిషి చేతులతో ఎత్తగల ఇనుప చక్రం, ఒకటిన్నర టన్నుల జీపు కన్నా ఎక్కువ శక్తిని దాచుకొని ఉంటుంది. గట్టు అడ్డు తగిలి ఇంజను 600 చుట్లకు దిగేలోపు ఫ్లైవీలు ఇచ్చే శక్తి ఒక్కటే జీపును 3.7 సెంటీమీటర్ల ఎత్తు లేపగలదు. తేలిక చేసిన చక్రమైతే 2.4 సెంటీమీటర్లు. తేడా సుమారు 1.3 సెంటీమీటర్లే. కానీ గవర్నరు స్పందించి డీజిల్ పెంచేలోపు ఇంజను నిలిచిందా ఆగిందా అన్నది ఆ కొద్దిపాటి తేడాలోనే తేలిపోవచ్చును.

కాలువ కట్ట ఎక్కుతూ ఇంజను ఆగిపోతే అది కేవలం అసౌకర్యం కాదు. బ్రేకుకు సహాయపడే వాక్యూమ్ పంపు ఇంజనుతోనే నడుస్తుంది కనుక, నిలువ ఉన్న వాక్యూమ్ అయిపోగానే పెడలు గట్టిపడుతుంది. పవర్ స్టీరింగు ఉంటే అది కూడా బరువెక్కుతుంది. వెనుక నీరున్న చోట క్లచ్ తొక్కి మళ్ళీ స్టార్టు చెయ్యబోతే జీపు వెనుకకు జారుతుంది. గేరులోనే ఉంచి, బ్రేకు గట్టిగా పట్టి, హ్యాండ్ బ్రేకు వేసిన తరువాతే మిగిలిన ఆలోచన చెయ్యాలి.

ఇవి కాక, తేలిక చక్రంతో ఇంజను ఐడిలింగులో ఊగిసలాడుతుంది, గేరుబాక్సులో చప్పుడు పెరుగుతుంది. బండి కదిలించేటపుడు క్లచ్ ఎక్కువ జార్చవలసి వస్తుంది కనుక క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుంది. తడి బంకమట్టిలో టార్క్ కుదుపులు నేరుగా టైరుకు చేరితే పట్టు తప్పుతుంది.

ఇసుక సంగతి వేరు. సూర్యలంక వంటి చోట ఇంజను వేగం పడిపోకుండా చూసుకోవాలి గనుక చురుకైన స్పందన కొంత ఉపయోగమే. అయినా టైర్లలో గాలి తగ్గించడం వలన కలిగే మేలు ముందు ఇది చాలా చిన్నది, పైగా దానికి ఖర్చు లేదు. మళ్ళీ రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి.

లేతు పని

పోత ఇనుము సాగే గుణం లేనిది. తిరిగే అంచులోని ఒత్తిడి అంచు వేగపు వర్గంతో పెరుగుతుంది. కంపెనీ చక్రంలో దీనికి తగినంత వెసులుబాటు ఉంటుంది. కాని పదునైన మూలలు వదిలిన గాడి, అడ్డదిడ్డంగా వేసిన రంధ్రాలు, క్లచ్ వేడికి పుట్టిన సన్నని పగుళ్ళు ఆ వెసులుబాటును తినివేస్తాయి. చక్రం పగిలితే ముక్కలు బెల్ హౌసింగును చీల్చుకొని వస్తాయి, అవతల ఉన్నది డ్రైవరు పాదాలే. పగుళ్ళున్న చక్రాన్ని లేతు ఎక్కించకుండా మార్చివేయడమే మంచిది.

క్లచ్ ప్లేటు ఆనే ముఖాన్ని పలుచన చెయ్యరాదు, వేడిని పీల్చుకునేది ఆ లోహమే. స్టార్టరు పళ్ళ రింగు కూర్చునే భాగాన్ని, అంచుపై ఉన్న టైమింగు గుర్తులను ముట్టరాదు. పని అయ్యాక బాలెన్సింగు తప్పనిసరి. 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో 20 గ్రాముల తేడా ఉంటే, 3,000 చుట్ల వద్ద అది దాదాపు 30 కిలోల బరువుతో సమానమైన బలంగా క్రాంకుషాఫ్టును ప్రతి చుట్టుకూ లాగుతుంది. బేరింగులు పోయిన తరువాత గాని చాలామందికి ఈ సంగతి తెలియదు.

ట్రాక్టర్లు, కొత్త వాహనాలు

వరి పొలంలో కేజ్‌వీల్స్‌తో దమ్ము చేసే ట్రాక్టరుకు ఈ మార్పు ఎంతమాత్రం తగదు. బురదలో భారం క్షణక్షణం మారుతుంది, దానిని తట్టుకోవడానికే ఆ బరువు పెట్టారు. కొన్ని కొత్త డీజిల్ వాహనాలలో రెండు భాగాల మధ్య స్ప్రింగులుండే డ్యూయల్ మాస్ ఫ్లైవీలు వస్తున్నది. దానిని లేతుపై కోయడం కుదరదు. వారంటీ ఉన్న వాహనంలో ఇటువంటి మార్పు చేయిస్తే కంపెనీ ఆ భాగాల మరమ్మతు బాధ్యతను నిరాకరించవచ్చు.