మతిస్థిమితానికి రేటింగు ఉంటుందా?

వరంగల్ చదరంగ ఆటగాడు ఇరిగేశి అర్జున్ రేటింగు 2024 డిసెంబరులో 2801కి చేరింది. ఆ అంకె అతని బుద్ధిబలానికి కొలత కాదు. ఫలానా రేటింగున్న ఆటగాడి ఎదుట కూర్చుంటే సగటున ఎంత స్కోరు రాబట్టగలడో చెప్పే అంచనా మాత్రమే. ఒక మనిషికి మతి స్థిరంగా ఉందనో తప్పిందనో అనే మాట కూడా చాలావరకు చుట్టూ ఉన్నవాళ్ళతో పోల్చి అనేదే. ఇంతవరకు రెండు తీర్పులూ ఒకే కోవలోవి. అవి ఎక్కడ విడిపోతాయి, ఆ తేడా వల్ల ఎవరు నష్టపోతారు అన్నదే ఈ వ్యాస విషయం.

ఇప్పుడు వాడుకలో ఉన్న రేటింగు పద్ధతిని రూపొందించిన అర్పాద్ ఎలో హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు. అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో ఆ పద్ధతిని స్వీకరించాయి. లెక్క సులువే. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడు సగటున ఆటకు 0.76 పాయింటు తెచ్చుకోవాలి. 2000 రేటింగువాడు 1800వాడి చేతిలో ఓడిపోతే, ఇద్దరికీ కె-గుణకం (ఒక ఆటతో రేటింగు ఎంతవరకు మారగలదో చెప్పే అంకె) 20 అయినప్పుడు, పైవాడికి 15.2 పాయింట్లు పోతాయి. కిందివాడికి అన్నే కలుస్తాయి. తక్కెడ రెండో పళ్ళెంలో ఉన్నది రాయి కాదు, మరో ఆటగాడు. ఫలితాన్ని బట్టి అతని బరువూ మారుతుంది. పైగా షాహ్‌మాత్ అయిందా లేదా అన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం ఉండదు.

ఈ పద్ధతి బోల్తా పడిన సందర్భం మనకు ఇంకా ఎక్కువ నేర్పుతుంది. హత్యానేరం కింద వర్జీనియా జైల్లో ఉన్న క్లాడ్ బ్లడ్‌గుడ్ ప్రధానంగా తోటి ఖైదీలతోనే రేటింగు ఆటలు ఆడుతూ వచ్చాడు. 1996లో అతని రేటింగు 2702. అమెరికా జాబితాలో రెండో స్థానం! తాను మోసమేమీ చేయలేదని, బయటివాళ్ళు చేరని గుంపులో రేటింగులు ఉబ్బిపోతాయని సమాఖ్యను ముందే హెచ్చరించానని అతను వాదించాడు. అతని ఉద్దేశం ఏదైనా, లెక్కలో తప్పు లేదు. గుంపు మూసుకుపోయింది, అంతే.

మతి గురించిన తీర్పులు చాలాసార్లు ఇలా మూసుకుపోయిన గుంపుల్లోనే పుట్టాయి. యజమానుల దగ్గర్నుంచి పారిపోయే బానిసలకు ‘డ్రాపెటోమేనియా’ అనే జబ్బు ఉందని 1851లో అమెరికా వైద్యుడు శామ్యూల్ కార్ట్‌రైట్ రాశాడు. యజమానుల గుంపులో అది సబబుగానే తోచి ఉండాలి. సోవియట్ యూనియన్‌లో మనోవైద్యుడు స్నెజ్నెవ్‌స్కీ సంప్రదాయం ‘మందకొడి స్కిజోఫ్రేనియా’ అనే నిర్ధారణను నిలబెట్టింది. ప్రభుత్వాన్ని ధిక్కరించినవాళ్ళను ఆసుపత్రుల్లో బంధించడానికి అది అక్కరకొచ్చింది. బయటి దేశాల మనోవైద్యులు నిలదీయడంతో, బహిష్కరణ తప్పదని తెలిసి, 1983లో సోవియట్ మనోవైద్యుల సంఘం ప్రపంచ మనోవైద్య సంఘం నుంచి తానే తప్పుకుంది.

దీన్నిబట్టి మానసిక వ్యాధులు లేవని తేల్చేయడం తొందరపాటు. బాధ నిజమైనదే, చికిత్సా పనిచేస్తుంది. నా అభ్యంతరమల్లా బాధను ఒక్క అంకెగా కుదించడం మీద. అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం కొన్నాళ్ళు ఆ పనే చేసింది. రోగి జీవన సామర్థ్యాన్ని 100కి ఇన్ని మార్కులని వేసే ‘గాఫ్’ కొలమానం అందులో ఉండేది. వ్యాధి లక్షణాలు, ఆత్మహత్య ప్రమాదం, పని చేయలేకపోవడం మూడింటినీ అది కలగలిపేస్తోందని 2013లో డీఎస్ఎం-5 దాన్ని వదిలేసింది. అదే గ్రంథం కోసం జరిపిన పరీక్షల్లో ఒకే రోగిని ఇద్దరు వైద్యులు విడివిడిగా చూశారు. కాకతాళీయంగా కుదిరే ఏకీభావం సున్నా, సంపూర్ణ ఏకీభావం 1 అనుకుంటే, స్కిజోఫ్రేనియాకు వచ్చింది 0.46, తీవ్ర కుంగుబాటుకు 0.28. ఇద్దరు ఆర్బిటర్లు ఒకే ఆట ఫలితాన్ని ఇంత తేడాగా రాస్తే ఏ టోర్నమెంటూ సాగదు.

ఇంకా పెద్ద తేడా వేరే ఉంది. వైద్యుడు పొరబడితే అతని ఖాతాలో ఏమీ తగ్గదు. ఇంట్లోవాళ్ళు పొరబడినా అంతే. కోపంలో ‘వీణ్ణి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో చేర్పించాలి’ అన్న హైదరాబాదీకి పోయేది ఒక్క పాయింటూ లేదు. మాట పడ్డవాడు తర్వాత ఎంత నిబ్బరంగా మాట్లాడినా ఆ నిబ్బరాన్నీ జబ్బులో భాగంగానే చదువుతారు. ఆట ముగిశాక కూడా రేటింగు మారకపోవడం లాంటిది ఇది.

ఈ విషయంలో మన చట్టం వైద్యగ్రంథాల కంటే మెరుగ్గా ఆలోచించిందని నా అభిప్రాయం. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను మనిషి మొత్తం మతికి మార్కులు వేయదు. నేరం జరిగిన ఆ సమయంలో, తాను చేస్తున్నదేమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకునే శక్తి అతనికి ఉందా అని మాత్రమే అడుగుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. 3వ సెక్షను ప్రకారం సమాజపు నైతిక, రాజకీయ విలువలతో పొసగకపోవడం జబ్బుకు ఆధారం కాదు. జబ్బు ఉందని తేలినా, కోర్టు ప్రకటించనిదే మతి తప్పినవాడిగా లెక్కించకూడదు. 89వ సెక్షను కింద సొంత సమ్మతి లేకుండా చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు స్వతంత్రంగా పరీక్షించాలి. చేరాక సమ్మతి ఇచ్చే శక్తిని ప్రతి ఏడు రోజులకూ మళ్ళీ చూడాలి. సంగతిని మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. రోగి ఆ బోర్డు ముందు ఈ నిర్ణయాన్ని సవాలు చేయవచ్చు.

కొత్త ఫలితంతో పాత అంచనాను సవరించడం, గుంపు బయటివాళ్ళతో సరిచూడటం అనే రెండు పనులూ ఇందులో ఉన్నాయి. తీర్పు చెప్పినవాళ్ళ లెక్క కూడా దీనికి తోడవ్వాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బోర్డులు రోగుల పేర్లు బయటపెట్టకుండా, తాము సమీక్షించిన చేర్పులెన్ని, అందులో కొట్టేసినవెన్ని, ఏ ఆసుపత్రి నుంచి ఎన్ని అన్నది ఏటా ప్రచురించాలి.