ఫణిగిరి కొండ ఎక్కేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలు

బౌద్ధం అనగానే మన విద్యార్థి బృందాలు నాగపూర్, సాంచి, అజంతా వైపు చూస్తాయి. మొగుడంపల్లి, జహీరాబాద్ ప్రాంతం వాళ్లు అంత దూరం వెళ్లక్కర్లేదు. జహీరాబాద్ మీదుగా మచిలీపట్నం దాకా పోయే 65వ నెంబరు జాతీయ రహదారి వెంటే మన బౌద్ధ చరిత్ర చాలా ఉంది.

దారిలో మొదట సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ వస్తుంది. అది శాతవాహనుల కాలపు పట్టణం. నిజాం పురావస్తు శాఖ 1940లలో అక్కడి దిబ్బను తవ్వితే స్తూపం, విహారాల ఆనవాళ్లతో పాటు వేల నాణేలు బయటపడ్డాయి. పక్కనే మ్యూజియం ఉంది. హైదరాబాద్ దాటి సూర్యాపేట చేరి, అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు వెళితే నాగారం మండలంలో ఫణిగిరి వస్తుంది. కొండ పాము పడగలా ఉంటుంది కాబట్టి ఆ పేరు.

కొండ మీద ఏముంది?

మహాస్తూపం, చైత్యాలు, బుద్ధపాదాలు, భిక్షువుల గదులున్న విహారాలు, సమావేశ మండపం ఉన్నాయి. 1941లో ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. 2001 తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ మళ్లీ తవ్వినప్పుడు సున్నపురాయి తోరణం బయటపడింది. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లాయి.

ఆరామం కొండ మీదే ఎందుకు?

వానాకాలం మూడు నెలలు భిక్షువులు తిరగకుండా ఒక్కచోటే ఉండాలన్నది సంఘం నియమం. అందుకు గట్టి వసతి కావాలి. ధ్యానానికి ఊరి సందడి ఉండకూడదు, కానీ భిక్షకు ఊరు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండాలి. వర్తకుల దానాలు అందాలంటే వ్యాపార మార్గం కూడా దూరం కాకూడదు. పడమటి తీరాన్ని తూర్పు తీరంతో కలిపే పాత బాటకు దగ్గర్లో ఉన్న ఈ కొండ అన్నిటికీ సరిపోయింది.

ఎవరి డబ్బు, ఎవరి పేరు?

గైడ్లు సాధారణంగా రాజుల పేర్లు చెబుతారు. మేము దాతల పేర్లు వెతకమంటాం. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో ఒక రాజవైద్యుడు ఇక్కడ ధర్మచక్ర స్తంభం నిలబెట్టించినట్టు శాసనం ఉంది. ఇదే రహదారిలో విజయవాడ దాకా వెళితే అమరావతి దగ్గరే. అక్కడి స్తూపానికి పూర్ణఘట ఫలకం ఇచ్చిన దాత విధికుడు. శాసనం అతన్ని చర్మకారుడని, ఉపాధ్యాయుడు నాగుడి కొడుకని చెబుతుంది. తోలుపని చేసే మనిషి తన వృత్తిని దాచుకోకుండా, తల్లి, భార్య, పిల్లలతో కలిసి దానం చేసి, ఆ మాట రాతి మీద చెక్కించుకున్నాడు. తండ్రి చదువు చెప్పినవాడు.

ఈ ఒక్క శాసనం చూపించి ఆనాడు కులం లేదని చెప్పలేం. కానీ చర్మకారుడి కానుక పవిత్ర స్థలంలో చోటు సంపాదించిందని మాత్రం చెప్పగలం. మంగలి ఉపాలిని శాక్య రాజకుమారుల కంటే ముందు సంఘంలో చేర్చుకుని, వాళ్లతో అతనికి మొక్కించిన కథ బౌద్ధ గ్రంథాల్లో ఉంది. పాకీపని చేసిన సునీతుడు థేరుడయ్యాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో దీక్ష తీసుకున్నప్పుడు అంబేడ్కర్ ఎంచుకున్నది ఈ సంప్రదాయాన్నే. తోలు ముట్టిన చేతుల్ని గుడి మెట్ల దగ్గరే ఆపేసిన సమాజానికి విధికుడి ఫలకం ఒక సాక్ష్యం. దాన్ని పర్యాటక బోర్డు మీద ఎవరూ రాయకపోతే మనమే చెప్పుకోవాలి.

వెళ్లేవాళ్లకు

ఎక్కుడు పెద్దదేమీ కాదు, కానీ మధ్యాహ్నం బండ కాలుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, అదీ ఉదయం పూట మేలు. నీళ్లు తీసుకెళ్లండి. ఇటుకల మీద నడవొద్దు, రాళ్ల మీద పేర్లు చెక్కొద్దు, పెంకు ముక్క కూడా తీసుకురావొద్దు. దిగాక ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడండి. తవ్వకాల్లో కూలికి ఎవరు వెళ్లారో, ఏ వాడ నుంచి వెళ్లారో అడిగి రాసుకోండి. ఆరామం కట్టించిన దాతల పేర్లు రాతి మీద మిగిలాయి. దాన్ని మట్టిలోంచి బయటికి తీసిన కూలీల పేర్లు ఇంకా నమోదు కావాల్సి ఉంది.